చివరి స్టాపులో ఐదు నిమిషాలు

డెబ్బై రెండో ఏట నేను శీర్షాసనం వేశాను. నరసరావుపేటలో మా డాబా మీద, గోడ ఆసరా లేకుండా, పది నిమిషాలు. కోటప్పకొండ నా కళ్లకు తలకిందులుగా కనపడింది, మూడు శిఖరాలూ ఆకాశంలోంచి కిందికి వేలాడుతున్నట్టు. పక్క డాబా మీద బట్టలారేస్తున్న ఆవిడ దండెం వదిలేసి నన్నే చూస్తూ నిలబడింది. రోజుకు ఇరవై ఒక్క ఆసనాలు, ఒక్క రోజు తప్పకుండా మూడు నెలలు. ఆఖరికి డాక్టరు నా బీపీ చూసి, మిషన్ పాడైందేమోనని ఇంకో మిషన్ తెప్పించాడు.

ఈ ముక్కలు మా వీధి చివర టీ కొట్టు దగ్గర చానాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఒకటో రెండో ఆసనాలు పెరుగుతూ వచ్చాయి. నోటితో చెప్పేటప్పుడు ఏమీ అనిపించలేదు గానీ కాయితం మీద పెడుతుంటే చెయ్యి వెనక్కి లాగుతోంది. అందులో ఎంత నిజమో ముందుకు పోయేకొద్దీ నేనే ఒప్పుకుంటాను. ముందు భయం సంగతి చెప్పాలి. నేను చాప పరిచింది ఒళ్లు బాగుచేసుకుందామని కాదు. కళ్లు మూసుకోవాలంటే భయమేసి.

నేను ఎర్రబస్సు డ్రైవర్ని. ముప్పై మూడేళ్లు స్టీరింగు పట్టుకున్నాను. అందులో సగానికి పైగా ఒకటే రూటు: నరసరావుపేట నుంచి కారంపూడి, దుర్గి, మాచర్ల మీదుగా విజయపురి సౌత్. ఏ మలుపులో గేదెలు అడ్డం పడుకుంటాయో, ఏ కల్వర్టు దగ్గర ఎడమ చక్రం గుంటలో పడుతుందో ఇప్పటికీ చెప్పగలను. రిటైరై పద్నాలుగేళ్లయినా బస్సెక్కితే సీట్లో కూర్చోను. డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడి, అడక్కపోయినా అతనికి సలహాలిస్తూ పోతాను.

శివరాత్రికి కోటప్పకొండ వచ్చిన ప్రభలు ఊళ్లకు తిరిగెళ్లిపోయిన వారం అది. నాతో పనిచేసిన కండక్టరు ఇంట్లో పెళ్లికని విజయపురి సౌత్ వెళ్లి తిరిగి వస్తున్నాను. పెళ్లిలో సరిగా తినలేదు, ఎండలో తిరిగాను. కారంపూడి ఇంకో రెండు కిలోమీటర్లుందనగా ముందు అద్దం మీద ఎవరో తడిగుడ్డ కప్పినట్టయింది. రోడ్డు మసకబారింది. చెవుల్లో ఇంజను రొద తప్ప ఇంకేమీ లేదు.

టీ కొట్టు దగ్గర నేను చెప్పేదేమిటంటే, పరిస్థితి గమనించి నేనే బస్సు ఆపించి, దర్జాగా దిగి, బెంచీ మీద కూర్చుని సోడా అడిగానని. అసలు జరిగింది, ఇద్దరు నా చంకల కింద చేతులేసి, ఇంకొకడు కాళ్లు పట్టుకుని, నన్ను మూటలాగా దించి బస్టాండు సిమెంటు బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఎవరో చొక్కా గుండీలు విప్పారు. ఎవరో మొహం మీద నీళ్లు కొట్టారు. కళ్లు మూతపడి ఉన్నాయి గానీ లోపల నాకు తెలివి ఉంది. అన్నీ వినపడుతున్నాయి. నా బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉన్నట్టు కూడా తెలుస్తోంది.

అప్పుడు సరిగ్గా నా తల పైనుంచి ఒక మగ గొంతు, నిదానంగా అంది: "ఎవురి తాలూకో పాపం. అయిపోయినట్టుంది."

నేనింకా ఉన్నానని చెప్పాలి. నాలిక కదల్లేదు. వేలు కదుపుదామంటే వేలెక్కడుందో తెలియలేదు. ఎవరో ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశారు, బీడీ వాసన వచ్చింది. ఆ చెయ్యి తీసేశాక ఎవరూ ఏమీ అనలేదు. ఆ కాసేపట్లో నాకు కలిగిన భయం నా జన్మలో ఎరగను. సర్వీసులో ఒకసారి బ్రేకు పడని రోజున కూడా ఎరగను. బ్రేకు పడని రోజున కనీసం నా చేతిలో స్టీరింగు ఉంది.

తర్వాత కళ్లు తెరుచుకున్నాయి. చుట్టూ మొహాలు. ఆ మాటన్నది ఎవరో తెలుసుకుందామని ఒక్కొక్కణ్నీ చూశాను గానీ తెలియలేదు. మనిషి లేచాడని తెలిశాక అందరూ బస్సెక్కే హడావిడిలో పడ్డారు.

నరసరావుపేటలో డాక్టరు పరీక్షలన్నీ చేశాడు. గుండెకేమీ కాలేదు, బీపీ మాత్రం ఎక్కడో ఉందన్నాడు. మాత్రలు రాశాడు. ఉప్పు తగ్గించమన్నాడు, నడవమన్నాడు, తెలిసిన వాళ్ల దగ్గర నేర్చుకుని ఇంట్లోనే మెల్లగా యోగా చేసుకోమన్నాడు. కంటినిండా నిద్రపోవాలి అన్నాడు. మూడు నెలలు చూసి తగ్గకపోతే గుంటూరు పంపిస్తానన్నాడు. గుంటూరు అన్న మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడో నాకు అంత గట్టిగా తగిలింది.

ఆయనకు చెప్పనిది ఒకటుంది. నేను వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోలేకపోతున్నాను. మూసుకున్న మరుక్షణం ఆ గొంతు తల పైనుంచి అదే మాట అదే నిదానంతో అంటోంది. దులుపుకుని లేచి కూర్చుంటాను. కారంపూడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి నా నిద్రంతా మడత కుర్చీలోనే. మా ఆవిడకు గ్యాస్ అని చెప్పాను. ఆవిడ ఇంకో ప్రశ్న వెయ్యకుండా వీపు వెనక దిండు పెట్టింది.

మొదట ఫోన్లో చూసి మొదలుపెట్టాను. ఒక కుర్రాడు సముద్రం ఒడ్డున కూర్చుని, తన కాలు తీసి తన మెడ మీద వేసుకుని నవ్వుతున్నాడు. నేను అంత దూరం పోలేదు. ఒక కాలు తీసి రెండో తొడ మీద వేశాను. అది అక్కడే ఉండిపోయింది. మా ఆవిడొచ్చి కాలు విప్పి, మోకాలికి మందు రాసి, ఫోను తీసి బీరువాలో పెట్టింది.

మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక టీచరమ్మ ఉంది. హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైంది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోతుంటే కూడా ఆ నడక పెరేడ్ నడకే. నన్ను అన్నయ్యా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. పిల్లలకు చానా ఏళ్లు యోగా నేర్పింది. ఆమె దగ్గరికెళ్లి, నాకు ఇరవై ఒక్క ఆసనాలు కావాలి, అందులో శీర్షాసనం ఉండాలి అని అడిగాను.

ఆమె నా రిపోర్టులు తెప్పించుకుని చదివింది. తల కిందికి పెట్టేవేవీ వద్దంది. ఊపిరి బిగబట్టేవి వద్దు. కొలిమి తిత్తిలాగా గబగబా ఊదేవి వద్దు. అంటే నా శీర్షాసనం ఆ రోజే పోయింది. కోటప్పకొండ తలకిందులుగా కనపడిన మాట నిజమే, కాళ్ల సందులోంచి చూశాను. చాప అంచు సర్దడానికి వంగినప్పుడు. పక్క డాబా ఆవిడ నిలబడి చూసింది కూడా నిజమే. లుంగీ సరిగా కట్టుకోమని చెప్పడానికి.

"ఎన్ని వేస్తారన్నది నాకు అక్కర్లేదన్నయ్యా," అంది టీచరమ్మ. "ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ ఆగాలి. అది రోజూ ఒకటే మాదిరి ఉండాలి. ముందు అది కాయితం మీద రాసుకుని రండి."

వరస అంటే నాకు తెలిసిన వరస ఒకటే. ఇంటికొచ్చి పాత క్యాలెండరు షీటు వెనక్కి తిప్పి రూటు చార్టు రాశాను. నరసరావుపేట, బస్సు బయల్దేరే చోటు. అక్కడే నిలబడి చేసే కష్టమైనవన్నీ పెట్టాను, ముందే అయిపోతాయని. ఆమె చూసి నవ్వలేదు. ఎర్ర పెన్ను తీసి కొట్టేసింది. ఇంజను వేడెక్కకుండా నాలుగో గేరు వేస్తారా అని అడిగింది.

ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. నరసరావుపేటలో కీళ్లు: చీలమండలు, మోకాళ్లు, మణికట్లు, భుజాలు, మెడ, ఒక్కొక్కటి ఐదు సార్లు తిప్పడం. బండి బయల్దేరాక కారంపూడి చేరేలోపల నిలబడి చేసేవి: చేతులు పైకెత్తి మునివేళ్ల మీద లేవడం, గోడ పట్టుకుని పక్కలకు వంగడం. కారంపూడిలో బస్సు టీకి ఆగుతుంది కాబట్టి కూర్చునేవి. మోకాళ్లు ఒప్పుకోక పిరుదుల కింద దిండు. దుర్గిలో వెల్లకిలా పడుకుని, కళ్లు తెరుచుకునే, కాళ్లు ఒకటొకటిగా లేపడం, నడుము లేపడం. మాచర్లలో ఊపిరి: ఒక ముక్కుతో తీసి ఇంకో ముక్కుతో వదలడం, తర్వాత తుమ్మెదలాగా మూలగడం. చివరి స్టాపు విజయపురి సౌత్. శవాసనం, ఐదు నిమిషాలు. అది రాసేటప్పుడు నా అక్షరాలు చిన్నవైపోయాయి.

అన్నీ కలిపి తొమ్మిది. ఇరవై ఒకటి కాదు. ఆ తొమ్మిదిలో మూడు కూర్చోవడానికి వేరువేరు పేర్లు.

చార్టును మెట్ల గది తలుపుకు మేకు కొట్టి తగిలించాను. పొద్దున ఆరింటికి బండి తీసేవాణ్ని. అలవాటు కొద్దీ స్టేజీలు గట్టిగా అరిచేవాణ్ని, "కారంపూడి, కారంపూడి, దిగేవాళ్లుంటే దిగండి" అని. ఊపిరి తియ్యి, వదులు, ఇప్పుడెవరూ మాట్లాడకూడదు అని కూడా అరిచేవాణ్ని. కింద వంటింట్లో గిన్నెల చప్పుడు మధ్య అవన్నీ మా ఆవిడకు వినపడేవి. టీచరమ్మ పక్కనుండి చేయించిన వారం రోజులూ చివరి స్టాపులో కళ్లు తెరుచుకుని నీళ్ల ట్యాంకు వైపు చూస్తూ గడిపాను. ఆమె గమనించలేదనుకున్నాను.

ఇక ఒక్కణ్నే చేసుకోమని ఆమె వదిలేసిన మూడో రోజు, ఊపిరి దగ్గర ప్రమాదం జరిగింది. పల్నాడులో తప్ప ఇంకెక్కడా జరగదనుకుంటా. సంవత్సరానికి సరిపడా కారం కొట్టించడానికి మా ఆవిడ ఎండుమిరపకాయలు డాబా మీద పరదా పట్టా పరిచి ఆరబోసింది. నాకు కనపడుతూనే ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి చూసే కాయలే గదా అని వాటి పక్కనే చాప వేసుకున్నాను. మాచర్ల చేరి, ఒక పక్క ముక్కు మూసి, గుండెల నిండా పెద్ద ఊపిరి లాగాను. అదే సమయానికి కొండ వైపు నుంచి గాలి తిరిగింది.

ఆ ఘాటు నెత్తికెక్కింది. దగ్గు పట్టుకుంది. దగ్గుతో ఊపిరి ఆగింది. కళ్ల వెంట నీళ్లు కారి కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. వెనక్కి పడ్డాను. మళ్లీ వెల్లకిలా, మళ్లీ కళ్లు మూతపడి, మళ్లీ నోట మాట రాకుండా. ఆ గొంతు వచ్చేసింది. కింద మిక్సీ తిరుగుతోంది. నేను గింజుకుంటున్నా, పోతున్నా ఆమెకు వినపడదు. పైగా ఎవరైనా పైకొచ్చి చూసినా, ఏమనుకుంటారు? ఆయన శవాసనంలో ఉన్నాడు, కదిలించకూడదు అనుకుని కిందికి పోతారు. ఎండ నడినెత్తికొచ్చాక గానీ ఎవరికీ అనుమానం రాదు. ఈ ఆలోచన నవ్వులాటగా చెప్పి టీ కొట్టు దగ్గర చానామందిని నవ్వించాను. ఆ రోజు మాత్రం దగ్గు తెరిపిచ్చాక డాబా అంచుదాకా పాక్కుంటూ పోయి గాలి పీల్చుకున్నాను.

అప్పట్నుంచి మాచర్లలోనే బండి తిప్పేసేవాణ్ని. తుమ్మెద మూలుగు అయిపోగానే చాప చుట్టేయడం. ఒక్క రోజు తప్పలేదని మొదట్లో రాశాను గదా. నిజం చెప్పాలంటే కొన్ని రోజులు అసలు చాప విప్పలేదు. మెట్ల గదిలో కూర్చుని స్టేజీలు మాత్రం అరిచాను, కింద వినపడాలి గాబట్టి.

ఒక పొద్దున టీచరమ్మ చెప్పకుండా వచ్చింది. మాచర్ల దాకా చూసింది. చాప చుడుతుంటే చుట్ట మీద కాలు పెట్టింది.

"చివరి స్టాపేదన్నయ్యా?"

"ప్యాసింజర్లు లేరు చెల్లెమ్మా."

"మీరున్నారు గదా."

కండక్టర్లను, చెకింగు వాళ్లను, తాగొచ్చి ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను మాటలతో గెలిచిన వాణ్ని. ఆ ఒక్క మాటకు చాప వదిలేశాను. ట్యాంకు గట్టు మీద కూర్చుని, కారంపూడి బెంచీ సంగతి మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. పెంచలేదు, తగ్గించలేదు. చెప్పేటప్పుడు నా గొంతు నాకే వేరే వాళ్లదిలాగా ఉంది.

ఆమె భయపడొద్దనలేదు. అదొక్కటీ నాకు నచ్చింది. మోకాళ్లు మడిచే పడుకోమంది. కళ్లు సగం తెరిచే ఉంచమంది. చెయ్యి పొట్ట మీద పెట్టుకుంటే అది లేస్తూ ఉంటుంది, లేస్తున్నంతసేపూ మీరున్నట్టే అంది. మొదట ఒక్క నిమిషం చాలంది. ఇంట్లో ఎవరినైనా మధ్యమధ్యలో పలకరించమని చెప్పండి అని, మెట్లు దిగుతూ, "వదినకు నిజం చెప్పండి" అంది.

నిజం చెప్పలేదు. యోగాలో ఇదొక నియమం, చివరి ఆసనంలో కింద నుంచి ఒకరు కండక్టరులాగా రైట్ అని కేకెయ్యాలి, పైన ఉన్నవాళ్లు రైట్ అని జవాబివ్వాలి, అప్పుడే ఫలితం అని చెప్పాను. మా ఆవిడ చింతపండు పిసుకుతూ వింది.

"ఇదేం యోగా అయ్యా, కింద ఒకరు డ్యూటీ చెయ్యాలంట," అంది. కానీ మర్నాటి నుంచి చేసింది.

నేను "విజయపురి సౌత్" అని అరిచి పడుకుంటాను. చెయ్యి పొట్ట మీద. కాసేపటికి వంటింట్లోంచి "రైట్" అని వస్తుంది. నేను "రైట్" అంటాను. ఇంకాసేపటికి మళ్లీ. ఆ రెండు కేకల మధ్య దూరమే నా ప్రాణానికి కొలత. మొదటి వారం ఆ దూరంలో చొక్కా తడిసేది. తర్వాత తర్వాత కనురెప్పలు కొంచెం కొంచెం దిగాయి. గొంతు రాకుండా పోలేదు గానీ, అది మాట పూర్తి చేసేలోపే కింద నుంచి రైట్ వచ్చి దాన్ని కోసేసేది. ఏప్రిల్ అయ్యేసరికి రెండు నిమిషాలు, పూర్తిగా కళ్లు మూసుకుని. రాత్రి నిద్ర మాత్రం ఇంకా కుర్చీలోనే.

మే నెల. డాక్టరు దగ్గరికి పోవాల్సిన వారం. గుంటూరు మాట మళ్లీ తల్లో తిరుగుతోంది. ఆ పొద్దున చివరి స్టాపులో పడుకుని కళ్లు మూశాను. రైట్ రాలేదు.

మా ఆవిడకు చెయ్యి కాలిందేమో, పాలవాడొచ్చాడేమో అనుకున్నాను. కుక్కర్ కూత వినపడింది. సరే, వంటింట్లోనే ఉంది. ఇంకో కూత. మా ఇంట్లో పప్పుకు రెండు కూతలు, రెండో కూతకు పొయ్యి ఆపేస్తుంది, నలభై ఐదేళ్లుగా అంతే. మూడో కూత వచ్చింది. నేనే "రైట్" అన్నాను. జవాబు లేదు. గట్టిగా అన్నాను. నాలుగో కూత.

మూడేసి మెట్లు ఒక్క అంగలో దాటుకుంటూ దూకానని నేను చెప్తూ వస్తున్నాను. అది అబద్ధం. నేను లేవలేదు. కళ్లు తెరిచి ఆకాశం చూస్తూ అట్లాగే పడుకున్నాను. గొంతు వచ్చింది, అదే మాట, కానీ ఈసారి నా గురించి కాదు. నేను దిగనంతసేపూ కింద ఏమీ జరగనట్టే. దిగితే చూడాలి. మూడు నెలలుగా నేను పోతే ఎవరు చూస్తారా అని వణికాను గానీ, ముందు ఆమె పోవచ్చని ఒక్క రోజు కూడా నాకు తట్టలేదు. ఐదో కూతకు లేచాను. పసిపిల్లల మాదిరి మెట్టు మీద మెట్టు కూర్చుంటూ దిగాను. పద్నాలుగు మెట్లు.

వంటింటి గుమ్మం పట్టుకుని చూశాను. నేల మీద వెల్లకిలా పడి ఉంది. కళ్లు మూసుకుని ఉన్నాయి. అరచేతులు పైకి తిరిగి ఉన్నాయి. మొహంలో ఏ కదలికా లేదు. పొయ్యి మండుతూనే ఉంది, ఇల్లంతా మాడు వాసన. నా నోట్లోంచి నాకు తెలియకుండానే, నిదానంగా, ఎవరితోనో చెప్తున్నట్టు వచ్చింది: "అయిపోయినట్టుంది."

"ఏంది అయిపోయింది, గ్యాసా?" అంది మా ఆవిడ, కళ్లు తెరవకుండా.

అప్పుడు కనపడింది, ఆమె కింద చాప ఉంది. చీర కుచ్చిళ్లు మడమల దగ్గర చక్కగా సర్ది ఉన్నాయి. మోకాళ్ల కింద దిండు కూడా ఉంది. నేను పొయ్యి ఆపాను. ఎందుకు పలకలేదని అడిగాను.

"ఎవురూ మాట్లాడకూడదని నువ్వే గదా పైనుంచి అరిచేది," అంది. "ఈ పూట కాస్త కునుకు పట్టింది."

నేను స్టేజీలు అరవడం మొదలుపెట్టిన మూడో వారం నుంచి ఆమె కింద నా వెంట బండి నడుపుతోందట. పప్పు ఉడికేలోపు కీళ్లు తిప్పి, గోడ పట్టుకుని వంగి, చాప మీద కాళ్లు లేపి, చివరి స్టాపులో పడుకుని, పడుకునే నాకు రైట్ కొడుతోందట. మోకాళ్ల నొప్పి సగం తగ్గిందట. నేను మెట్ల గదిలో కూర్చుని ఉత్తగా అరిచిన రోజుల్లో కూడా ఆమె చేసింది. అంటే మా ఇంట్లో ఒక్క రోజు తప్పకుండా చేసిన మనిషి ఉన్నారు. నేను కాదు.

గోడకానుకుని కూర్చుని కారంపూడి సంగతి ఆమెకు చెప్పాను. గ్యాస్ కాదని చెప్పాను. చెప్తుంటే ఒకటి తెలిసొచ్చింది. ఇందాక గుమ్మంలో ఆ మాటన్నప్పుడు నాకేమీ తెలియదు. ముక్కు దగ్గర చెయ్యి కూడా పెట్టి చూడలేదు. భయమేసి అన్నాను, అంతే. ఆ బస్టాండు మనిషికి కూడా అంతకంటే ఏం తెలిసి ఉంటుంది. మూడు నెలలు నేను డాక్టరు మాటకంటే అతని మాటే నమ్మాను.

ఆమె చాప మీద పక్కకు జరిగింది. "పడుకో," అంది. మాడిన పప్పు వాసనలో, సిలిండరు పక్కన పడుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో తర్వాత తెలిసింది, గాజు ఒకటి పెరిగింది. ఆమె పగిలింది అనదు, పెరిగింది అనే అంటుంది.

డాక్టరు దగ్గర బీపీ దిగింది. గుంటూరు అక్కర్లేదన్నాడు. రెండో మిషన్ తెప్పించిన మాట నిజమే, మొదటి దాంట్లో బ్యాటరీ అయిపోయింది. మడత కుర్చీ మడిచి అటక మీద పెట్టాం. మిరపకాయలు ఇప్పుడు వెనక వాకిట్లో ఆరబోస్తున్నాం.

ఇంక నాకు కండక్టరు అక్కర్లేదని మా ఆవిడకు చెప్పేశాను. రైట్ కొట్టొద్దన్నాను. ఇప్పుడు రోజూ విజయపురి సౌత్‌లో డాబా మీద నేను ఒక్కణ్నే, ఎవరి తోడూ లేకుండా, నిండా ఐదు నిమిషాలు, భయం లేకుండా కళ్లు మూసుకుని పడుకుంటున్నాను. ఈ మాట మాత్రం పెంచింది కాదు.

ఇంతవరకూ రాసి ఆమెకు చదివి వినిపించాను. వెనక వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తూ చివరిదాకా వింది.

"ఒక్కణ్నే అని రాశావా? కొట్టెయ్. రోజూ పై మెట్టు మీద కూచుని నీ పొట్ట లేస్తందో లేదో చూసేది ఎవురనుకున్నావు? ఐదు నిమిషాలు కూడా కాదు, రెండో నిమిషానికే గురక పెడతావు. అది వినపడినాక గానీ నేను దిగి పొయ్యి వెలిగించను."